ఆ నాలుగు రంధ్రాల్లోంచి రక్తం ఎలా ఆపుతారు డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మకు 58 ఏళ్లు. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయి, నొప్పితో రెండుసార్లు అడ్మిట్ అయింది. వచ్చే వారం నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ లాపరోస్కోపీ ఆపరేషన్ చేస్తామన్నారు. ఏడాదిన్నర కిందట అమ్మకు గుండెలో స్టెంట్ వేశారు, అప్పటి నుంచి రక్తం పలుచబడే క్యాప్సూల్ రోజూ వేసుకుంటుంది. ఆపరేషన్ ఉంది కదా అని మందుల షాపాయన చెబితే నిన్నటి నుంచి ఆపేశాం. మా మామయ్యేమో "లోపల రక్తం కారితే ఆ చిన్న రంధ్రాల్లోంచి ఏం ఆపుతారు, శుభ్రంగా పొట్ట కోసి చేయమనండి" అంటున్నాడు. "అవసరమైతే ఓపెన్ చేస్తాం" అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టనని నాన్న భీష్మించుకు కూర్చున్నారు. ఒక యూనిట్ రక్తం కూడా రెడీ చేసుకోమన్నారు, అంటే రక్తం బాగా పోతుందనేగా? టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్తాను. కానీ నన్ను కంగారు పెట్టింది ఆ ప్రశ్నలు కాదు, మధ్యలో మామూలు విషయంలా చెప్పేసిన క్యాప్సూల్ సంగతి. ముందు ఆ పని చూడండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. స్టెంట్ వేసిన గుండె డాక్టరుకి ఇవాళే ఫోన్ చేసి, క్యాప్సూల్ అట్ట చేతిలో పట్టుకుని దాని మీద ఉన్న పేరు, మిల్లీగ్రాములు చదివి వినిపించి, ఫలానా రోజు ఆపరేషన్, నిన్నటి నుంచి ఆపేశాం, ఏం చేయమంటారు అని అడగండి.

ఎందుకింత తొందరంటే, మన దగ్గర స్టెంట్ వేసినవాళ్లకు ఇచ్చే క్యాప్సూల్లో చాలాసార్లు మూడు మందులు కలిసి ఉంటాయి: రక్తం గడ్డ కట్టనివ్వని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్. ఒక్క క్యాప్సూల్ ఆపామనుకుంటాం కానీ నిజానికి మూడూ ఒకేసారి ఆగిపోతాయి. మామూలుగా ఇలాంటి ఆపరేషన్‌కి ముందు గుండె డాక్టర్లు ఎక్కువగా చేసేదేమిటంటే, ఆ క్యాప్సూల్ బదులు విడి మాత్రలు రాసి, క్లోపిడోగ్రెల్‌ని ఓ ఐదు రోజుల ముందు ఆపి, చిన్న మోతాదు ఆస్పిరిన్‌ని మాత్రం ఆపరేషన్ రోజు కూడా కొనసాగిస్తారు. ఆస్పిరిన్ ఉన్నా కూడా గాల్ బ్లాడర్ దగ్గర కారే రక్తాన్ని ఆపడానికి మాకు చాలా దారులున్నాయి, కానీ రెండు మాత్రలూ మానేసి స్టెంట్ లోపల గడ్డ కట్టిందంటే అది వేరే కథ, గుండెపోటు. అందుకని ఏది ఆపాలి, ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అనేది గుండె డాక్టరు, సర్జన్, మత్తు డాక్టరు ముగ్గురూ మాట్లాడుకుని తేల్చాలి, మందుల షాపాయన కాదు. ఇది చదివి నా మాట మీద మళ్లీ మొదలుపెట్టడం కూడా వద్దు, అడిగి మొదలుపెట్టండి.

ఇంకో సంగతి. "అమ్మ ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలున్నాయి, భయం లేదు" అని ల్యాబ్ రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్లేట్‌లెట్లంటే రక్తాన్ని గడ్డ కట్టించే కణాలు, వాటి కౌంటు అంటే తలల లెక్క మాత్రమే. క్లోపిడోగ్రెల్ వేసుకునే మనిషిలో ప్లేట్‌లెట్లు నిండుగా ఉంటాయి కానీ ఒకదానికొకటి అతుక్కోవు, మందు తగిలిన ప్లేట్‌లెట్ చచ్చేదాకా అంతే, కొత్తవి పుట్టి రావాలి, అందుకే ఆ ఐదు రోజులు. నా అనుభవంలో రిపోర్టుల కంటే పనికొచ్చేవి పాత కబుర్లు: పన్ను పీకించుకున్నప్పుడు మర్నాటిదాకా రక్తం కారిందా, కాన్పులప్పుడు రక్తం ఎక్కించాల్సి వచ్చిందా, ఊరికే ఒంటి మీద నీలం మచ్చలు పడతాయా. ఇవి సర్జన్‌కి చెప్పండి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి, ఎవరో చెప్పారని వెల్లుల్లి క్యాప్సూళ్లు, చేపనూనె, పొడులు ఏమైనా వాడుతుంటే అవీ చెప్పండి, డాక్టరు ఏమనుకుంటారోనని దాచొద్దు.

ఇక మీ మామయ్య ప్రశ్న. ఆయన్ని తీసిపారేయకండి, అది సరైన ప్రశ్నే. నేను పీజీలో చేరినప్పుడు నాకూ అదే అనుమానం. పొట్ట కోస్తే చెయ్యి లోపలికి వెళ్తుంది, రక్తం చిమ్మిన చోట వేలు పెట్టి నొక్కేయొచ్చు. ఇక్కడ వేళ్లు పొట్ట బయటే ఉండిపోతాయి, లోపలికి వెళ్లేది చాపస్టిక్ లాంటి పొడవాటి పరికరం, చూసేది టీవీ తెరలో. మరి ఎలా?

ముందో చిన్న మాట, మన వాళ్లు దీన్ని "లేజర్ ఆపరేషన్" అంటారు, మీ మామయ్య కూడా అనే ఉంటాడు. ఇందులో లేజర్ లేదు. 1980ల చివర్లో అమెరికాలో మొదట్లో కొందరు లేజర్‌తో గాల్ బ్లాడర్ తీశారు కానీ కరెంటు వేడితో కోస్తూ రక్తం ఆపే మామూలు కాటరీ దానికంటే మేలని తేలి దాన్ని వదిలేశారు. ఈ ఆపరేషన్ మొదట చేసింది జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్, 1985లో. తోటి సర్జన్లే ఆయన్ని ఎగతాళి చేశారు, వాళ్ల అభ్యంతరాలు కూడా ఇంచుమించు మీ మామయ్యవే. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. కాబట్టి రంధ్రాల్లోంచి రక్తం ఆపడం అనేది సర్జన్లు మూడున్నర దశాబ్దాలుగా నేర్చుకుంటూ వచ్చిన పని, మీ అమ్మ మీద కొత్తగా ప్రయోగం చేయడం లేదు.

లోపల జరిగేది ఇది. బొడ్డు దగ్గర రంధ్రంలోంచి కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్టను గుడారంలా లేపుతారు. అదే గ్యాస్ ఎందుకంటే అది మండదు, లోపల కాటరీ నిప్పులాంటిది కదా, పైగా రక్తంలో తేలిగ్గా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పీడనం, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, 12 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా పెడతారు. ఈ గ్యాస్ చోటు చేయడమే కాదు, చిన్న చిన్న సిరలను అన్ని వైపుల నుంచీ మెత్తగా నొక్కి పడుతుంది. ఓపెన్‌లో అదే పనిగా ఊరుతూ ఉండే సన్నటి రక్తం ఇందులో చాలావరకు రానే రాదు. పైగా పక్కటెముకల కింద జానెడు కోత లేదు కాబట్టి ఆ కోత నుంచి, తెగిన కండ నుంచి కారే రక్తమూ లేదు. మామూలు గాల్ బ్లాడర్ ఆపరేషన్ సాఫీగా సాగితే పోయే రక్తం 50 మిల్లీలీటర్లు కూడా దాటదు, అంటే చిన్న టీ కప్పులో సగం. మీ అమ్మ 60 కిలోలుంటే ఒంట్లో ఉండే రక్తం దాదాపు 4 లీటర్లు.

రక్తం రావడానికి అవకాశమున్న చోట్లు మూడు. ఒకటి గాల్ బ్లాడర్‌కి వెళ్లే ధమని, రెండు మూడు మిల్లీమీటర్ల లావు ఉంటుంది, దాన్ని ముందే వెతికి పట్టుకుని టైటానియం క్లిప్పులు వేసి మధ్యలో కోస్తారు, రక్తం కారాక ఆపడం కాదు, కారకముందే కట్టేయడం. ఈ క్లిప్పులు లోపలే ఉండిపోతాయి, తర్వాత ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయించుకోవాల్సి వస్తే వాటి వల్ల ఇబ్బంది లేదు, ఆ భయం కూడా కొందరికి ఉంటుంది. రెండోది లివర్ మీద గాల్ బ్లాడర్ అతుక్కుని ఉండే గుంట. మూడోది పొట్ట గోడలో రంధ్రాలు పెట్టిన చోట్లు.

నా చదువు రోజుల్లో ఒక సంఘటన చెప్తాను, ఏ ఆస్పత్రో వద్దు. నేను కెమెరా పట్టుకుని ఉన్నాను, మా ప్రొఫెసర్ గారు ఆ ధమని చుట్టూ పొరలు విడదీస్తున్నారు, ఉన్నట్టుండి తెర మొత్తం ఎర్రబడిపోయింది. లెన్స్ మీదే రక్తం పడింది. కెమెరా అన్నిటినీ చాలా పెద్దగా చూపిస్తుంది, చెంచాడు రక్తం తెర మీద గోదావరి వరదలా కనిపిస్తుంది, పైగా రక్తం వెలుతురును తాగేస్తుంది కాబట్టి లోపల చీకటి పడినట్టవుతుంది. నా కాళ్లు వణుకుతున్నాయి. ఆయన గొంతు కూడా పెంచకుండా, గాల్ బ్లాడర్ మెడ భాగాన్నే పట్టుకుని రక్తం వస్తున్న చోట దానితోనే అదిమిపట్టి, "కెమెరా బయటికి తీసి వేడినీళ్లలో కడుగు, తొందరేం లేదు" అన్నారు. తర్వాత ఓ రంధ్రంలోంచి చిన్న గాజుగుడ్డ చుట్టి లోపలికి పంపించి దానితో నొక్కి, గోడ గడియారం చూడమన్నారు. ఐదు నిమిషాలు. ఎవరూ మాట్లాడలేదు, ఆయన ఒక్కసారి కూడా గుడ్డ ఎత్తి చూడలేదు. ఐదు నిమిషాలంటే ఎంతసేపో నాకు ఆ రోజు తెలిసింది. తీసేసరికి చిన్న చుక్క, దాని వెనక ధమని తెగిన కొస స్పష్టంగా కనిపిస్తోంది, ఒక క్లిప్పు వేశారు, అయిపోయింది.

మీ మామయ్య అడిగినదానికి సగం జవాబు ఆ ఐదు నిమిషాల్లోనే ఉంది. వేలు లోపలికి పోకపోయినా నొక్కడం మాత్రం పోలేదు. మిగతా సగం, నొక్కిపెట్టి ఉంచి చూపు తిరిగి తెచ్చుకోవడం. చెడు జరిగేది ఎక్కువగా ఎప్పుడంటే, సర్జన్ కంగారుపడి ఆ ఎర్రటి మడుగులో కనపడకుండానే క్లిప్పు మీద క్లిప్పు వేసేసినప్పుడో, గుడ్డిగా కాటరీ పెట్టి కాల్చేసినప్పుడో, ఎందుకంటే ఆ ధమనికి వేలెడు దూరంలోనే లివర్ నుంచి పేగుకి పిత్తం మోసుకెళ్లే నాళం ఉంటుంది. పోయిన రక్తాన్ని ఎక్కించవచ్చు కానీ ఆ నాళం తెగితే దాన్ని బాగు చేయడం మహా కష్టం. అందుకే 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ ఒక పద్ధతి చెప్పారు: గాల్ బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే రెండు, ఒక నాళం, ఒక ధమని, అని కళ్లారా తేల్చుకునేదాకా దేన్నీ కోయకూడదు. ఇప్పుడు పీజీలకు మేం మొదట నేర్పేది అదే.

పరికరాల సంగతికొస్తే, కాటరీ మనకు కొత్తది కాదు, బోవీ అనే శాస్త్రవేత్త తయారుచేసిన యంత్రంతో 1926లో బోస్టన్‌లో హార్వీ కుషింగ్ అనే సర్జన్ మెదడు ఆపరేషన్లు చేశారు, ఇప్పటికీ అదే సూత్రం. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో పనిచేసేవి ఉన్నాయి, వాటి కొస సెకనుకి 55 వేల సార్లు పైగా కంపించి, ఆ వేడికి రక్తనాళాన్ని అతికిస్తూ కోస్తుంది. ఇంకోరకం 7 మిల్లీమీటర్ల లావు నాళాన్ని కూడా పిండి అతికించేస్తాయి. లివర్ గుంటలోంచి సన్నగా ఊరే రక్తానికి సెల్యులోజ్‌తో చేసిన జాలీ లాంటి గుడ్డ పెడతారు, దాని మీద గడ్డ కడుతుంది, కొన్ని వారాల్లో అదే కరిగిపోతుంది. ఇవన్నీ మంచివే, బిల్లులో కూడా బాగానే కనిపిస్తాయి. కానీ "మా దగ్గర ఫలానా మెషీన్ ఉంది" అన్న మాట విని ఆస్పత్రి ఎంచుకోకండి. మీ అమ్మ ఆపరేషన్‌కి మామూలు కాటరీ, క్లిప్పులు, గాజుగుడ్డ చాలు, అవి పట్టుకున్న మనిషి ముఖ్యం. రక్తం పీల్చే సక్షన్ గొట్టం చూడండి, అది కూడా తెలివిగా వాడకపోతే ఎదురు తిరుగుతుంది, ఆత్రంగా పీల్చేస్తే రక్తంతో పాటు గ్యాస్ కూడా పోయి గుడారం కూలిపోతుంది, ఇక ఏమీ కనపడదు. కొత్త సర్జన్లు చేసే తప్పు అది, నేనూ చేశాను.

అంతా అయ్యాక ఒక పని చేస్తారు, చేయాలి. గ్యాస్ పీడనం వల్ల సిరలు నొక్కుకుపోయి ఉంటాయని చెప్పాను కదా, అంటే రక్తం కారాల్సిన సిర ఒకటి అప్పటికి మాత్రం నోరు మూసుకుని ఉండొచ్చు. అందుకని పీడనం తగ్గించి, కాసేపు ఆగి, లివర్ గుంట మళ్లీ ఒకసారి చూస్తారు. తర్వాత రంధ్రాల్లోంచి గొట్టాలు తీసేటప్పుడు కూడా ఒక్కోటి కెమెరాతో చూస్తూ తీస్తారు, పొట్ట గోడలో రక్తనాళం ఏదైనా తెగి ఉంటే అప్పుడే బయటపడుతుంది. మీ సర్జన్‌ని దీని గురించి అడగాలనిపిస్తే అడగండి, అడిగితే విసుక్కునేవాళ్లు తక్కువ, ఈ ప్రశ్న అడిగారా అని ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు నాన్నగారి సంతకం. ఆయన బాధ నాకర్థమైంది, "ముందే ఓపెన్ అని రాయించుకుంటున్నారంటే వీళ్లకే నమ్మకం లేదు" అనుకుంటున్నారు. సరిగ్గా దానికి తిరగేసి ఆలోచించమనండి. రక్తం ఆగనప్పుడు, లేదా అంతా వాచి అతుక్కుపోయి ఏది ఏదో తెలియనప్పుడు, కెమెరా పక్కన పెట్టి పొట్ట తెరిచి చేత్తో నొక్కి ఆపడం అనేది రక్తం ఆపే పద్ధతుల్లోనే ఒకటి, ఓటమి కాదు. చెయ్యి లోపలికి వెళ్తే లివర్‌కి రక్తం తెచ్చే నాళాల కట్టను మొత్తంగా రెండు వేళ్ల మధ్య నొక్కి కాసేపు ఆపేయొచ్చు, 1908లో ప్రింగిల్ అనే సర్జన్ రాసిన పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. లాపరోస్కోపీలో కూడా టేపుతో అది చేసేవాళ్లున్నారు కానీ చేతితో అయినంత తొందరగా కాదు. ముందే నిర్ణయించుకుని చేసే మామూలు కేసుల్లో ఓపెన్‌గా మార్చాల్సి వచ్చేది సాధారణంగా నూటికి ఐదు దాటదు. మీ అమ్మకు రెండుసార్లు నొప్పి వచ్చి అడ్మిట్ అయింది కాబట్టి లోపల కాస్త అతుక్కుని ఉండే అవకాశం ఉంది, ఆ అయిదుకి కొంచెం ఎక్కువే అనుకోండి.

నాన్నగారు సంతకం పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా? చాలాచోట్ల ఆపరేషనే వాయిదా వేస్తారు, అది మంచి సర్జన్ చేసే పని. నేనైతే అలాంటి కాగితం మీద సంతకం లేకుండా కత్తి పట్టుకోను. ఇంకా పాడు సంగతి ఏంటంటే, "ఎలాగైనా కోయకుండా చేయండి డాక్టర్ గారూ" అని ఇంటివాళ్లు మరీ మరీ బతిమాలితే, తెరవాల్సిన నిమిషంలో తెరవకుండా ఇంకో పది నిమిషాలు ప్రయత్నిద్దాంలే అనే బలహీనత సర్జన్‌కి కూడా రావొచ్చు, మేమూ మనుషులమే. కాబట్టి నాన్నగారిని సంతకం పెట్టించడమే కాదు, ముందు రోజు సర్జన్ దగ్గరికి తీసుకెళ్లి, "మీకు ఎప్పుడు అవసరమనిపిస్తే అప్పుడు ఓపెన్ చేయండి, మమ్మల్ని అడగడానికి కూడా ఆగొద్దు" అని నోటితో చెప్పించండి. ఆ మాట విన్న సర్జన్ లోపల ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడో నాకు తెలుసు. సర్జన్‌ని మీరు అడగాల్సిన ప్రశ్న కూడా "మీరు ఎన్ని చేశారు" అన్నదొక్కటే కాదు, "ఎప్పుడు ఓపెన్‌గా మారుస్తారు" అని అడగండి. "నేను ఒక్కటీ మార్చలేదు" అని గొప్పగా చెప్పేవాళ్ల కంటే, "వాపు ఎక్కువుంటే, కనపడకపోతే మార్చేస్తాను" అని మామూలుగా చెప్పేవాళ్లని నేను నమ్ముతాను.

మరి మొదటే ఓపెన్ చేయించుకుంటే పోలా అంటారా, మామయ్య అన్నట్టు? వద్దు. నూటికి తొంభై మందికి పైగా అక్కర్లేని పెద్ద కోత అది. స్టెంట్ ఉన్న మనిషికి పెద్ద కోత అంటే ఎక్కువ నొప్పి, సరిగ్గా ఊపిరి పీల్చలేకపోవడం, మంచం మీద ఎక్కువ రోజులు, ఇవన్నీ గుండెకు భారం.

ఒక యూనిట్ రక్తం గురించి. రెడీ పెట్టుకోమన్నారంటే ఎక్కిస్తారని కాదు. స్టెంట్ ఉంది, మొన్నటిదాకా ఆ మాత్రలు వేసుకుంది కాబట్టి జాగ్రత్త, బండికి స్టెప్నీ లాంటిది. గ్రూపు చూసి, సరిపోతుందో లేదో క్రాస్ మ్యాచ్ చేసి పక్కన పెడతారు, వాడకపోతే తిరిగి వెళ్లిపోతుంది.

ఆపరేషన్ అయ్యాక మొదటి రోజు మీరు గమనించాల్సింది కూడా చెప్తాను. కుడి భుజం నొప్పి అని అమ్మ అంటే భయపడొద్దు, మిగిలిపోయిన గ్యాస్ వల్ల వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. బొడ్డు దగ్గర కట్టు మీద రూపాయి బిళ్లంత మరక కూడా మామూలే. కానీ అమ్మ మొహం పాలిపోయి చెమటలు పడుతున్నా, కూర్చోబెడితే కళ్లు తిరుగుతున్నా, నాడి 100 దాటి అలాగే ఉన్నా, పొట్ట బిగుసుకుని పెరుగుతున్నా, మూత్రం తగ్గినా నర్సు దగ్గరికి వెళ్లండి, ఆమె "గ్యాసేలెండి" అంటే మళ్లీ వెళ్లండి, డ్యూటీ డాక్టరు వచ్చి చూసేదాకా కదలొద్దు. అర్ధరాత్రి లేపారని మిమ్మల్ని ఎవరూ తిట్టరు, తిట్టినా పడండి. ఇక డిశ్చార్జి చీటీలో ఆ క్లోపిడోగ్రెల్ మళ్లీ ఏ తేదీ నుంచి వేసుకోవాలో రాయించుకోవడం మర్చిపోవద్దు, ఆపినప్పుడు అందరికీ గుర్తుంటుంది కానీ మొదలుపెట్టడమే తరచూ ఎవరికీ గుర్తుండదు, నెలకు చెకప్‌కి వెళ్లినప్పుడు గుండె డాక్టరు చూసి నెత్తి కొట్టుకుంటాడు.

అన్నట్టు, ఆ యూనిట్ రక్తానికి బదులుగా ఎవరో ఒకరు ఇవ్వాలని బ్లడ్ బ్యాంకు వాళ్లు అడగొచ్చు. మామయ్యని పంపండి. ఆయన గ్రూపు ఏదైనా ఫర్వాలేదు, అది బ్యాంకులో జమ అవుతుంది, తోబుట్టువు రక్తం నేరుగా అమ్మకు ఎక్కించమని మాత్రం పట్టుబట్టొద్దు, దానికి వేరే సమస్యలున్నాయి. 350 మిల్లీలీటర్లు తీస్తారు. అంటే అమ్మ ఆపరేషన్‌లో మామూలుగా పోయేదానికి ఏడు రెట్లు, ఆయన కుర్చీలో కూర్చుని జ్యూస్ తాగుతూ ఇచ్చేస్తాడు.